ముక్తేశ్వరి ఏకవ్యక్తి వెల్డింగ్ శిక్షణాలయం

వినాయక నిమజ్జనం రోజున, ఊరేగింపు కంచుమెట్ల బస్టాండు దాటుతుండగా, మూకుడులో మిరపకాయ బజ్జీలు సగం వేగి ఉండగా, సూరిబాబు తోపుడు బండి నడుం విరిగింది. అదృష్టం కొద్దీ మూకుడు ఒలకలేదు, ఎవరికీ కాలలేదు. సూరిబాబు గబుక్కున స్టవ్వు కట్టేసి, ఒరిగిపోతున్న బండిని వీపుతో ఆపి, రెండు చేతులూ పైకెత్తి సాయానికి రమ్మని కేకలు పెడుతూ అరగంట నిలబడ్డాడు. డప్పుల మోతలో ఆ కేకలు ఎవరికీ వినబడలేదు. ఊరేగింపులో వెళ్లేవాళ్లు అది కూడా ఏదో మొక్కు కాబోలనుకుని అతనికో దణ్ణం పెట్టి ముందుకు సాగిపోయారు.

విరిగింది బండి కింద చట్రం. ఇరుసును పట్టి ఉంచే ఇనప బద్దీ రెండు ముక్కలైంది. కంచుమెట్లలో ఇనుం అతికేవాడు గంగరాజు ఒక్కడే. "రేపొచ్చేత్తాను బావా," అన్నాడు. గంగరాజు మాట మార్చే మనిషి కాదు. మర్నాడు అడిగినా అదే అన్నాడు, ఆ మర్నాడూ అదే అన్నాడు. పంతొమ్మిది రోజుల పాటు ఒకే మాట మీద నిలబడ్డాడు.

ఈలోగా బండి ఇంటిముందు నాలుగు ఇటుకల మీద కూర్చుంది. సందులో అదే చివరి ఇల్లు. అంతదూరం వచ్చేది పాలబ్బాయి పోలయ్య ఒక్కడే. అరవై ఏళ్లొచ్చినా ఊరంతా ఆయన్ని పాలబ్బాయనే అంటారు. ఆయనకి శనగపిండి పడదు. సూరిబాబు రోజూ సాయంత్రం ఓ వాయి బజ్జీలు వేసి, ఎవరూ రాక, భార్యాభర్తలిద్దరూ అవే తిని పడుకుంటున్నారు.

ఇరవయ్యో రోజున సూరిబాబు భార్య ముక్తేశ్వరి బజ్జీల పళ్లెం పక్కకి తోసేసింది. ఆవిడకి నలభై అయిదేళ్లు. ఇరవై ఏళ్లుగా ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని ఆ పేట ఆడవాళ్లందరికీ జాకెట్లు కుడుతోంది. చేసే పని గురించి ఎక్కువ ఆలోచించదు, ఆలోచించిన పని చెయ్యకుండా ఉండదు.

"ఏవండీ, గుడ్డకి గుడ్డ కుడుతున్నాను గదా. ఇనానికి ఇనుం కుట్టలేనా?" అంది.

"అది సూదీ దారం కాదే, నిప్పు," అన్నాడు సూరిబాబు.

"మీరు చేసేది మాత్రం నీళ్లతోనా?" అంది ఆవిడ.

రాజమండ్రిలో కిటికీల దుకాణం ఎత్తేస్తున్న ఒకాయన దగ్గర పాత వెల్డింగ్ మిషను దొరికింది. దాంతోపాటు మొహానికి అడ్డం పెట్టుకునే నల్లద్దం డాలు, తోలు చేతితొడుగులు కూడా ఇచ్చాడు. ఫోనులో వీడియోలు పెట్టుకుని, పెరట్లో పాత ఇనప ముక్కల మీద ముక్తేశ్వరి సాధన మొదలుపెట్టింది. వీడియోలో మనిషి ఏ భాష మాట్లాడేవాడో ఆవిడకి తెలీదు. కానీ చేతులు ఎలా కదుపుతున్నాడో తెలిసేది, అది చాలు.

మొదటి రోజు రాడ్డు ఇనానికి అతుక్కుపోయి ఊడి రాలేదు. రెండో రోజూ అతుక్కుపోయింది, కానీ ఆవిడ అనుకున్న చోట అతుక్కుంది. మూడో రోజు మెరుపు వచ్చింది. ఆ సంతోషంలో ఎలా వస్తోందో చూద్దామని డాలు పక్కకి తీసి చూసింది. సాయంత్రానికి రెండు కళ్లలోనూ గుప్పెడేసి ఇసుక పోసినట్టయింది. సూరిబాబు తడిగుడ్డలు వేస్తూ రెండు రోజులు కూర్చున్నాడు. ఆ తర్వాత ఆవిడ డాలు తీయలేదు. ఆరో రోజుకి ఇనుం మీద కాకిరెట్టల్లాంటి చుక్కలు, ఎనిమిదో రోజుకి వానపాముల్లాంటి వంకర గీతలు వచ్చాయి. తొమ్మిదో రోజున సందు మొత్తానికి కరెంటు పోయింది.

పక్కింటివాళ్ల టీవీ సీరియల్లో పెళ్లికూతురి మెడలో తాళి పడబోతుండగా పోయింది. అందుకని ముక్తేశ్వరి మర్నాడే కరెంటాఫీసుకి వెళ్లి అదనపు లోడుకి దరఖాస్తు పెట్టింది. దరఖాస్తులో 'కారణము' అని ఓ గడి ఉంది. అక్కడ 'ఏసీ' అని రాసి ఉంటే ఈ కథ లేదు. ఆవిడ ఉన్నదున్నట్టు 'ఇంట్లో వెల్డింగ్ నేర్చుకొనుటకు' అని రాసింది.

గుమాస్తా దరఖాస్తు చదివి తలెత్తాడు.

"ఎవరు నేర్పుతారమ్మా?"

"ఎవరూ లేరండి. నాకు నేనే."

"అంటే నేర్పేవాళ్లున్నారు."

"నేనేనండి."

"నేర్చుకునేవాళ్లూ ఉన్నారు."

"అదీ నేనేనండి."

గుమాస్తా కాసేపు ఫ్యాను వంక చూశాడు. నేర్పేవాళ్లున్నారు, నేర్చుకునేవాళ్లున్నారు, చుట్టూ నాలుగు గోడలున్నాయి.

"ఇది గృహావసరం కిందకి రాదమ్మా," అన్నాడు. "విద్యాసంస్థ కిందకొత్తాది."

ఆ కాగితం నకలొకటి జిల్లా నైపుణ్య శిక్షణ నియంత్రణ మండలికి వెళ్లింది.

వారం తిరక్కుండా సందులోకి జీపొచ్చింది. అందులోంచి మండలి పరిశీలనాధికారి అనంతపద్మనాభం గారు, వెనకాలే ఫైళ్లు మోసుకుంటూ అటెండరు చిట్టెయ్య దిగారు. అనంతపద్మనాభం గారికి యాభై ఏడేళ్లు. సన్నగా, ఇస్త్రీ చేసిన గీతలా ఉంటారు. జేబులో నాలుగు కలాలు. చాలా నిజాయితీపరుడు. తనిఖీకి వెళ్లిన చోట మంచినీళ్లు కూడా ముట్టరు, సీసా వెంట తెచ్చుకుంటారు. ఫైల్లో లేనిది లోకంలో లేదని మనసారా నమ్మిన మనిషి.

"ఇందుమూలముగా మీకు తెలియజేయునది ఏమనగా," అన్నారు గుమ్మంలో నిలబడి, "నేను వచ్చినాను."

"రండి, కూకోండి," అంది ముక్తేశ్వరి.

"మీరు గుర్తింపు లేని శిక్షణ సంస్థను నడుపుచున్నట్లు ప్రాథమికముగా నిర్ధారణ అయినది."

"నేనేం నడపట్లేదండి. బండి బాగుచేసుకుందారని నేర్చుకుంటన్నాను."

"నేర్చుకొనుచున్నట్లు అంగీకరించినారు. రాసుకో చిట్టెయ్యా."

"పోనీ మానేత్తానండి."

అనంతపద్మనాభం గారి మొహం వాడిపోయింది. "అటుల అనవద్దమ్మా. మధ్యలో మానినచో మీరు చదువు మానిన విద్యార్థిని అగుదురు. ఈ జిల్లాలో చదువు మానినవారు ఉండరాదని గత మార్చిలో తీర్మానించినాము."

"మరయితే ఏం చెయ్యమంటారు?"

"సంస్థకు గుర్తింపు పొందవలెను. ఒక ప్రిన్సిపాలు, ఒక బోధకుడు, కనీసము ఒక విద్యార్థి ఉండవలెను. ప్రిన్సిపాలు ఎవరు?"

ముక్తేశ్వరి మొగుడి వంక చూసింది. సూరిబాబు "నాది ఏడో తరగతేనండి" అంటూ పెరట్లోకి వెళ్లిపోయాడు.

"రాసుకోండి, నేనే," అంది ఆవిడ.

"బోధకురాలు?"

"నేనే."

"విద్యార్థిని?"

ఆవిడ మళ్లీ తనవైపే వేలు చూపించుకుంది. అనంతపద్మనాభం గారు నిబంధనల పుస్తకం తీసి మొదట్నుంచీ చివరిదాకా చదివారు. గంటన్నర పట్టింది. చిట్టెయ్య గోడకి చేరగిలబడి ఓ కునుకు తీశాడు. చివరికి పుస్తకం మూసిన ఆయన మొహంలో వెలుగు కనిపించింది.

"మూడు హోదాలు ఉండవలెనని మాత్రమే గలదు. ముగ్గురు మనుషులు ఉండవలెనని ఎచటనూ లేదు," అన్నారు. ఆవిడకి మేలు చేశానన్న తృప్తి ఆయన గొంతులో నిజంగానే ఉంది. నిబంధనల పుస్తకం ప్రతి ఒకటి ఆవిడ చేతిలో పెట్టి వెళ్లారు.

పది రోజుల్లో ఇంటి ముందు 'ముక్తేశ్వరి ఏకవ్యక్తి వెల్డింగ్ శిక్షణాలయం' అని బోర్డు లేచింది, అడిగిన అదనపు లోడూ వచ్చింది. ఉన్న ఒక్క స్నానాలగదికి రెండు అట్టముక్కలు వేలాడదీశారు. పొద్దున్న పదింటి దాకా సిబ్బందికి, పది దాటాక విద్యార్థినులకు. ఓ ఉదయం తొమ్మిదిన్నరకి సూరిబాబు చెంబు పట్టుకుని అటు వెళ్లబోతే, నువ్వు సిబ్బందివా విద్యార్థినివా అని తనిఖీకి వచ్చిన చిట్టెయ్య అడిగాడు. ఏదీ కాకపోయేసరికి అతను కాలవగట్టుకి పోయాడు.

తర్వాత వేలిముద్రల హాజరు యంత్రం వచ్చింది. తొమ్మిదింటికి బోధకురాలు వేలు పెట్టాలి, తొమ్మిదీ అయిదుకి విద్యార్థిని పెట్టాలి. రెండోసారి పెట్టేసరికి 'మీ హాజరు ఇదివరకే నమోదైనది' అంది యంత్రం. అలా నాలుగు రోజులు విద్యార్థిని రాలేదని నమోదైంది. హాజరు తగ్గిందని ప్రిన్సిపాలుకి తాఖీదు కూడా వచ్చింది. ఆఖరికి అనంతపద్మనాభం గారే ఉపాయం చెప్పారు. కుడి బొటనవేలు బోధనకి, ఎడమ బొటనవేలు విద్యాభ్యాసానికి. ప్రిన్సిపాలుకి చూపుడువేలు.

ఈ తతంగమంతా అయ్యాక రోజుకి గంటో గంటన్నరో పని దొరికేది. ముక్తేశ్వరి ఆ కాస్త సేపునీ వదల్లేదు. వీడియోల్లో చెప్పని సంగతొకటి ఆవిడకి తనంతట తనకే తెలిసింది. మిషను కుట్టేటప్పుడు కాలు తొందరపడితే కుట్టు ఎలా పోతుందో, ఇక్కడ చెయ్యి తొందరపడితే అతుకు అలాగే పోతుంది. చేతిని కాదు, ఊపిరిని ఆపుకోవాలి. ఆ తర్వాత గీత తిన్నగా రావడం మొదలైంది. పైన కట్టిన నల్లటి చిట్టెం సుత్తితో కొట్టేస్తే, కింద జాకెట్టు అంచుమీద కుట్టులా ఒకేలా మెరిసే అతుకు. అది చూసుకుని ఆవిడ అరిచిన అరుపుకి సూరిబాబు కాలిందేమోనని నీళ్లబిందెతో పరుగెత్తుకొచ్చాడు.

"చూడండి, చూడండి, ఎంత ముద్దుగుందో!"

సూరిబాబు వంగి చూశాడు. "నిజవేనే," అన్నాడు. "ఇంకో వారం చెయ్యి తిరిగితే బండి పట్టుకోవచ్చు."

ఆ వారంలోనే తల్లిదండ్రుల సమావేశం వచ్చిపడింది. నెలకోసారి జరపాలన్నది నిబంధన. విద్యార్థిని తల్లిదండ్రులు కాలం చేశారు కాబట్టి సంరక్షకుడిగా సూరిబాబు హాజరయ్యాడు. అనంతపద్మనాభం గారు పరిశీలకులుగా కూర్చున్నారు. కుర్చీలో ప్రిన్సిపాలు.

"చెప్పండి ప్రిన్సిపాలు గారూ, విద్యార్థిని ప్రగతి ఎటులున్నది?"

ముక్తేశ్వరి కుర్చీలో సర్దుకుని కూర్చుంది. ఎలాగూ చెప్పాలి కాబట్టి నిజమే చెప్పింది. "పిల్ల తెలివైందేనండి. తొందరెక్కువ. రాడ్డు పట్టుకోమంటే గరిట పట్టుకున్నట్టు పడతాది."

"సంరక్షకుల అభిప్రాయము?"

సూరిబాబు మొదట బెరుగ్గానే మొదలుపెట్టాడు. "అంటే... ఇంటికాడ కూడా అంతేనండి. ఎవరు చెప్పినా ఇనదు." అనంతపద్మనాభం గారు రాసుకోవడం చూసి అతనికి ధైర్యం వచ్చింది. తన మాట ఎవరైనా రాసుకోవడం అతని జీవితంలో అదే మొదటిసారి. "చారులో ఉప్పు కూడా ఎక్కువేత్తాదండి. మొన్న మా అక్కొత్తే మాటాడలేదు. గట్టిగా మందలించండి టీచరు గారూ, మీరు చెబితేనన్నా..."

ప్రిన్సిపాలు కళ్లు చూసి అక్కడితో ఆగిపోయాడు. ఆ రోజు భోజనంలో చారే లేదు.

అంతవరకూ ముక్తేశ్వరికి విసుగే గానీ బెంగ లేదు. బెంగ ఫిర్యాదుల పెట్టె వల్ల వచ్చింది. ప్రతి సంస్థలోనూ తాళం వేసిన పెట్టె ఒకటి ఉండాలి. నెలాఖరున అనంతపద్మనాభం గారు దాన్ని తెరిచారు. ఖాళీగా ఉంది. ఆయన పెట్టెను తిరగేసి అడుగున తట్టారు.

"ఒక్క ఫిర్యాదూ లేదా?"

"లేదండి. అంతా బానే ఉంది."

"ఫిర్యాదు లేని సంస్థలో విద్యార్థులు భయములో ఉన్నట్లు భావించవలెనని ఎనుబది ఆరవ నిబంధన. ఇది చాలా తీవ్రమైన విషయము."

వచ్చే గొడవేదో ఓ కాగితంతో పోతుంది కదా అనుకుని ఆవిడ అక్కడికక్కడే 'టీచరు గారు నన్ను ఊరికే తిడుతున్నారు' అని రాసి పెట్టెలో వేసింది. ఆయన పెట్టె మళ్లీ తెరిచి, కాగితం తీసి, మొదటిసారి చూస్తున్నట్టు చదివారు. చదివి లేచి నిలబడ్డారు.

"ఇది ఇంకనూ తీవ్రమైన విషయము," అన్నారు.

మర్నాడే విచారణ. హాల్లో రెండు కుర్చీలు వేశారు. ముక్తేశ్వరిని ముందు ఎడమ కుర్చీలో కూర్చోబెట్టారు.

"బోధకురాలు గారూ, తాము విద్యార్థినిని తిట్టినది వాస్తవమా?"

"తిట్టానండి. 'మొద్దుమొహందానా, నిప్పురవ్వ పడితే చచ్చిపోతావేటే' అన్నాను."

"రాసుకో చిట్టెయ్యా. అక్షరము పొల్లుపోకుండా." ఆవిడ్ని లేపి కుడి కుర్చీలోకి మార్చారు. గొంతు తగ్గించి, చిన్నపిల్లతో మాట్లాడినట్టు అడిగారు. "భయపడకు తల్లీ. ఆవిడ ఇప్పుడు ఇచట లేరు. నిన్ను ఏమన్నారు?"

"అదే అన్నారండి."

"మనస్తాపము కలిగినదా?"

ఆవిడ నిజంగానే ఆలోచించి చెప్పింది. "లేదండి. ఆ తిట్టు పడ్డాకే గీత తిన్నగొచ్చింది."

"పాపము, భయము ఇంకనూ పోలేదు," అన్నారు అనంతపద్మనాభం గారు చిట్టెయ్యతో.

బోధకురాలిని సస్పెండు చేశారు. విచారణ ముగిసే దాకా బోధకురాలూ విద్యార్థినీ ఒకరి కంట ఒకరు పడకూడదన్నారు. అందుకని ఇంట్లో సుద్దముక్కతో గీత గీశారు. వంటింటివైపు ఉన్నంతసేపూ ఆవిడ సస్పెండైన బోధకురాలు, హాలువైపు వస్తే బాధిత విద్యార్థిని. ఇంట్లో ఉన్న ఒక్క అద్దానికి గుడ్డ కప్పారు. బోధకురాలు లేకుండా విద్యార్థిని యంత్రం ముట్టుకోకూడదు కాబట్టి వెల్డింగ్ మిషనుకి తాళం వేసి, లక్కతో సీలు వేశారు. విచారణకి మామూలుగా ఎంతకాలం పడుతుందని అడిగితే, తొందరపడితే న్యాయం జరగదని ఆయన చెప్పారు. కిందటిసారి ఇంకో ఊళ్లో నాలుగేళ్లు పట్టిందట.

జీపు వెళ్లిపోయాక సూరిబాబు మెట్టుమీద కూలబడ్డాడు.

"ముక్తా, షష్ఠి ఇంక తొమ్మిది రోజులే."

ఆ సంగతి ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. సుబ్బారాయుడి షష్ఠికి కంచుమెట్లలో అయిదు రోజులు తీర్థం. ఆ అయిదు రోజులూ బజ్జీల బండి నడిస్తేనే వాళ్లకి ఏడాది గడిచేది. రంగులరాట్నం పక్కన సూరిబాబు బండి నిలిచే చోటు సూరిబాబు తండ్రి నాటి నుంచీ వాళ్లదే. ముందురోజు సాయంత్రానికి బండి అక్కడ నిలబడకపోతే ఆ చోటు పట్టేద్దామని నూడుల్సు బండివాడు కాచుకుని ఉన్నాడు. నిలబడ్డ వాణ్ణి మళ్లీ ఎవరూ లేపరు.

ముక్తేశ్వరి వంటింట్లోకి వెళ్లి పీట మీద కూర్చుంది. పని చేతికొచ్చింది. ఇనుం ఉంది, రాడ్లున్నాయి, మిషను కళ్లెదురుగా ఉంది. వేళ్లు రాడ్డు పట్టుకున్నట్టే ముడుచుకుని ఉన్నాయి. ఇన్నాళ్లూ రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. కాసేపు ఏడిచి, కొంగుతో మొహం తుడుచుకుని, పోపులడబ్బా కింద పెట్టిన నిబంధనల పుస్తకం తీసింది. జాకెట్టు కుట్టేముందు కొలతల కాగితం చదివినట్టు, వేలు పెట్టి ఒక్కో వాక్యమే చదువుకుంటూ పోయింది. మూడు రోజులు చదివింది. నాలుగో రోజు పొద్దున్నే బయటికొచ్చి, "చిట్టెయ్యకి ఫోను చెయ్యండి. ఆ ఆఫీసరు గారిని రమ్మనండి," అంది మొగుడితో.

అనంతపద్మనాభం గారు వచ్చేసరికి ప్రిన్సిపాలు కుర్చీలో కూర్చుని ఉంది. ఓ కాగితం ఆయన చేతికిచ్చింది. ఆయన పైకి చదివారు.

"ఇందుమూలముగా ఉత్తర్వు చేయడమైనది. విద్యార్థిని ముక్తేశ్వరి, తన బోధకురాలు ఊరికే తిట్టుచున్నట్లు ఫిర్యాదు చేసినది. విచారించగా, బోధకురాలు ఊరికే తిట్టలేదనియు, కారణము ఉండియే తిట్టినదనియు తేలినది. కావున తప్పుడు ఫిర్యాదు చేసిన సదరు విద్యార్థినిని నూట రెండవ నిబంధన ప్రకారము సంస్థ నుండి తొలగించడమైనది. సంతకం, ప్రిన్సిపాలు."

ఆ సంతకం పెట్టేటప్పుడు ముక్తేశ్వరికి ఓ క్షణం చెయ్యాడలేదు. ఆ పిల్ల పాపం బాగానే నేర్చుకుంది మరి.

"భాష మిక్కిలి శుద్ధముగా ఉన్నది," అన్నారు అనంతపద్మనాభం గారు. ఆయన కళ్లలో మెచ్చుకోలు దాగలేదు. "కానీ అమ్మా, చదువు మానినవారు..."

"మానలేదండి. తీసేశాం. రెండూ ఒకటి కాదని పదో పేజీలో ఉంది."

ఆయన పదో పేజీ తీశారు. ఉంది.

"ఇప్పుడు విద్యార్థులు ఎంతమంది?" అని అడిగింది ఆవిడ.

"శూన్యము."

"శూన్యమైతే నూట పదకొండో నిబంధన చూడండి."

ఆయన చూశారు. విద్యార్థుల సంఖ్య శూన్యమైన సంస్థ గుర్తింపు ఆ క్షణమే రద్దవుతుంది. సంస్థ లేకపోతే బోధకురాలు లేదు. బోధకురాలు లేకపోతే సస్పెన్షను లేదు, విచారణ లేదు. ఆయన కొత్త కాగితం తీసుకుని ఇవన్నీ వరసగా రాసుకున్నారు. ఎక్కడా పొరపాటు లేదు. సుద్దగీత తుడవమని చిట్టెయ్యకి చెప్పి, లక్క సీలు స్వయంగా తనే పగలగొట్టారు.

"ఇప్పుడు ఈ యంత్రముతో మీరు ఏమి చేయుదురు? మరల నేర్చుకొనుచున్నచో..."

"లేదండి. నేర్చుకోడం అయిపోయింది. ఇప్పుడు చేత్తాను."

అనంతపద్మనాభం గారు నిలబడే నిబంధనల పుస్తకం మళ్లీ తిరగేశారు. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి. కళ్లజోడు తుడుచుకుని ఇంకోసారి చూశారు.

"నేర్చుకొనుటకు నూట పద్నాలుగు నిబంధనలు గలవు," అన్నారు మెల్లిగా. "చేయుటకు ఒక్కటీ కనిపించుట లేదు."

జీపు సందు మలుపు తిరిగే లోపే ముక్తేశ్వరి డాలు అందుకుంది. సూరిబాబు బండిమీద నుంచి స్టవ్వూ గ్యాసు బండా దింపి దూరంగా పెట్టాడు. ఇద్దరూ కలిసి బండిని పక్కకి వాల్చారు. ఆవిడ తుప్పు గీకి, చీలిన బద్దీని దగ్గరికి లాగి బిగించి, ముందు నాలుగు చోట్ల చుక్కలు పెట్టింది, గుడ్డకి ముందు పెద్ద కుట్లు వేసినట్టు. తర్వాత ఊపిరి బిగబట్టి గీత లాగింది. మధ్యలో ఓ చోట అతుకు చిల్లి పడింది. "మొద్దుమొహమా," అనుకుని, చల్లారనిచ్చి మళ్లీ నింపింది. పైన ఇంకో బద్దీ ముక్క అడ్డంగా వేసి అతికింది. మధ్యాహ్నం మొదలుపెడితే పొద్దు వాలేసరికి బండి నాలుగు చక్రాల మీద నిలబడింది. సూరిబాబు దానిమీద ఎక్కి ఎగిరాడు. దిగి, ఆవిడని ఎక్కించి తోసుకుంటూ సందు చివరిదాకా తీసుకెళ్లాడు. పాలబ్బాయి పోలయ్య సైకిలు దిగి దారిచ్చాడు.

షష్ఠి తీర్థంలో ఆ అయిదు రోజులూ బండి కిర్రుమనలేదు. జనం తోసుకున్నారు, పిల్లలు బండి అంచు పట్టుకుని వేలాడారు, ఓ రోజు ఎద్దు ఒకటి వచ్చి ఒరుసుకుని వెళ్లింది. చట్రం కదల్లేదు. నూడుల్సు బండివాడు రోజుకోసారి వచ్చి వంగి కిందకి చూసి వెళ్లేవాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం గులాబీరంగు టెరికాటు చొక్కా వేసుకున్న ఓ మనిషి బండి దగ్గరికొచ్చి, జనం తగ్గేదాకా పక్కన నిలబడ్డాడు. జేబులో కలాలు లేకపోవడంతో ముక్తేశ్వరి ఆయన్ని వెంటనే గుర్తుపట్టలేకపోయింది.

"నేనమ్మా. అనంతపద్మనాభాన్ని," అన్నారాయన. "ఇది... ఇది తనిఖీ కాదు."

"బజ్జీ తినండి."

తిన్నారు. మూడు తిన్నారు. కాగితంతో చేతులు తుడుచుకుని, అటూ ఇటూ చూసి, వంగి బండి కింద అతుకుని వేలితో తడిమారు.

"ముప్పై రెండేళ్లుగా శిక్షణ సంస్థలు తనిఖీ చేస్తున్నానమ్మా. వెల్డింగువి, కుట్టువి, వడ్రంగానివి. రిజిస్టర్లన్నీ చూశాను. మీ ఇంటికీ ఎన్నోసార్లొచ్చాను గదా." నిటారుగా లేచారు. "కానీ ఆ మెరుపు రావడం నేనెప్పుడూ చూడలేదు."

ఆయన మాటల్లో గలదు, వలెను లేకపోవడం ముక్తేశ్వరికి వింతగా అనిపించింది. "ఆదివారం రండి," అంది.

ఆదివారం వచ్చారు. ఆవిడ ఆయన చేతికి తొడుగులు తొడిగి, మొహానికి డాలు అడ్డం పెట్టి, ఓ ఇనప ముక్క ముందు కూర్చోబెట్టింది. రాడ్డు అతుక్కుపోయింది. మళ్లీ అతుక్కుపోయింది. అలా పదకొండుసార్లని ఆయన లెక్కపెట్టారు. "గరిట పట్టుకున్నట్టు పట్టుకోకండి. అగ్గిపుల్ల గీసినట్టు గీకి, రవ్వంత ఎత్తండి," అంది ఆవిడ. పన్నెండోసారి మెరుపొచ్చింది. అనంతపద్మనాభం గారు డాలు వెనకనుంచి "అమ్మోయ్! వచ్చిందమ్మోయ్!" అని అరిచిన అరుపుకి పక్కింటివాళ్లు టీవీ వదిలేసి గోడమీదకెక్కి చూశారు.

పది రోజుల తర్వాత చిట్టెయ్య బస్టాండు దగ్గర బజ్జీల కోసం వచ్చాడు. ఏదో చెప్పాలని అతని మొహం ఉబలాటపడుతోంది.

"మా అయ్యగారు ఆ సోమారం ఏం చేశారో తెలుసాండీ? తనకి తానే నోటీసిచ్చుకున్నారు. గుర్తింపు లేని చోట, గుర్తింపు లేని మనిషి కాడ శిక్షణ పొందినట్టు మా దృష్టికొచ్చింది, ఏడు రోజుల్లో సంజాయిషీ చెప్పాలని."

"అయ్యో, మరి?"

"నోటీసు కుడిచేతి ట్రేలోంచి తీసి ఎడంచేతి ట్రేలో పెట్టమన్నారు. పెట్టాను. అందినట్టు సంతకం పెట్టారు. ఆరు రోజులు ఊరుకున్నారండి. ఏడో రోజున సంజాయిషీ రాశారు."

"ఏం రాశారేటి?"

"ఆ ఫైలంతటికీ అదే చిన్న కాగితమండి. 'మెరుపు వచ్చింది. చాలా బాగుంది' అని. అంతే. కింద సంతకం. మళ్లీ తనే చదూకుని, కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, 'సంజాయిషీ సంతృప్తికరము' అని రాసి మూసేశారు. వచ్చే ఆదివారానికి సెలవు చీటీ కూడా పెట్టుకున్నారండోయ్. ఆదివారం ఎలాగూ సెలవే గదండీ అంటే, ముందస్తు అనుమతి ఉండటం మంచిదంటారు."

ముక్తేశ్వరి అతని పొట్లంలో ఇంకో రెండు బజ్జీలు వేసింది.

"ఈసారి నూలు చొక్కా ఏసుకు రమ్మన్నానని చెప్పు," అంది. "మొన్నటి టెరికాటుకి అప్పుడే మూడు చిల్లులు పడ్డాయి. నిప్పురవ్వకి ఆఫీసరో కాదో తెలీదు గదా."